సోల మనదే, తూకం కూడ మనదే కావాలె

ఫోన్ల వంట వీడియో పెడితే "ఒక కప్పు రవ్వ, రెండు కప్పుల నీళ్లు, తగినంత ఉప్పు" అంటరు. ఇంట్ల ముసలవ్వను అడిగితే "సోలెడు బియ్యం, గిద్దెడు పప్పు, చిటికెడు ఉప్పు" అంటది. కప్పు ఎవరి కప్పు? సోల ఏ ఊరి సోల? ఈ రెండు ప్రశ్నలు వంటింటి ముచ్చట లెక్కనే కనపడ్తయి. కానీ ఖమ్మం దాటి, పాల్వంచ దాటి, భద్రాచలం అడివి అంచుకు వచ్చినంక ఇవి పైసల ముచ్చట అయితయి, పిల్లల కడుపు ముచ్చట అయితయి, ఒక్కోసారి పాణం ముచ్చట కూడ అయితయి.

అందుకే తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఇయ్యాల కొలత గురించి, తూకం గురించి కాసింత నిమ్మలంగ మాట్లాడుకుందం. కొలత అంటే ఒక వస్తువు ఎంత జాగ పట్టింది అని చెప్పేది. తూకం అంటే ఎంత బరువు ఉన్నది అని చెప్పేది. ఈ రెండు ఒకటి కావు. ఈ తేడా తెల్వని కాడనే మనం నష్టపోతున్నం.

మన పాత లెక్క తక్కువదేం కాదు

ముందుగాల ఒక మాట. గ్రాములు తెల్వకపోతే మనోళ్లకు లెక్కే రాదని అనుకునేటోళ్లు ఉన్నరు. అది తప్పు. మన కొలతల వరుస చూడుండ్రి. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. ఇరవై తూములు ఒక పుట్టి. రెండు రెండుగ, నాలుగు నాలుగుగ పెరిగే లెక్క ఇది. బడికి పోనోళ్లు కూడ పంట కల్లంల నోటితోనే చెప్పేటోళ్లు. సగం కావాలంటే ఒక మెట్టు దిగాలె, రెట్టింపు కావాలంటే ఒక మెట్టు ఎక్కాలె. వంటకు ఇంతకన్న సులువైన లెక్క ఏమున్నది?

తునికాకు కాలంల చూడుండ్రి. యాభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. అడివిల ఆకు కోసి, చెట్టు నీడకు కూసొని, మాట్లాడుకుంటనే యాభై లెక్కబెట్టి కట్ట కట్టే అవ్వల చేతులకు లెక్క రాదని ఎవరన్నరు?

మరి తకరారు ఎక్కడున్నది అంటే, పాత కొలత ఊరు దాటితే మారేది. ఇక్కడ మన గోదావరినే చూడండ్రి. ఇటు ఒడ్డున పాల్వంచ నిజాం రాజ్యంల ఉండె. అటు ఒడ్డున భద్రాచలం మద్రాసు రాష్ట్రంల ఉండె, తర్వాత తూర్పు గోదావరి జిల్లాల ఉండి 1959ల ఖమ్మం జిల్లాల కలిసింది. రెండు పాలనలకు రెండు రకాల తూకాలు. మద్రాసు దిక్కు మణుగు అంటే ఎనిమిది వీశెలు, ఇయ్యాలటి లెక్కల 11 కిలోల పైచిలుకు. బ్రిటిషోళ్ల సర్కారు లెక్కల మణుగు అంటే 40 శేర్లు, అంటే 37 కిలోల పైచిలుకు. మాట ఒకటే, బరువు మూడింతలు తేడా. అమ్మెటోడు ఒక లెక్క చెప్పి, కొనెటోడు ఇంకో లెక్క పట్టుకుంటే ఎవరి కడుపు కొట్టుకపోతది?

అందుకనే దేశమంత ఒకే తూకం ఉండాలని 1956ల చట్టం తెచ్చిన్రు. 1958 అక్టోబర్ నుంచి కిలోలు, గ్రాములు మెల్లమెల్లగ బజారుకు వచ్చినయి. పాత శేరు 933 గ్రాములు, కొత్త కిలో 1000 గ్రాములు. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు బంగారం దుకాణంల తులం అంటే 10 గ్రాములు. పాత పేరే మిగిలింది, లోపల బరువు మారింది. పేరు చూసి మోసపోవద్దని చెప్పెతందుకే ఈ ముచ్చట.

ఇంట్ల సోల ఎందుకు పనిచేస్తది

ఇంటి వంటకు కొలత సరిపోతది. ఎందుకంటే అక్కడ మనకు కావాల్సింది పాళ్లు. ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. గ్లాసు పెద్దదైనా చిన్నదైనా పాళ్లు మారవు, బియ్యం కొలిచిన గ్లాసుతోనే నీళ్లు కూడ కొలిస్తే సాలు. అవ్వ వెదురు సోలతో కొలిచినా, కోడలు స్టీలు గ్లాసుతో కొలిచినా అన్నం ఒక్క తీరే ఉడుకుతది.

వీడియో చూసి వండితే చెడేది ఎక్కడంటే, పాళ్లల్ల గిన్నె మారిన కాడ. అమెరికోళ్ల కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. కొలత కప్పుల సెట్టు కొంటే అండ్ల పెద్ద కప్పు 240 ఉంటది లేదంటే 250 ఉంటది. రైస్ కుక్కర్‌తోని వచ్చే ప్లాస్టిక్ కప్పు ఎక్కువగ 180 మిల్లీలీటర్లే. మన ఇంట్ల ఛాయ్ కప్పు 100 కూడ ఉండదు. వీడియోల "ఒక కప్పు పిండి, రెండు గుడ్లు" అంటే, మనం ఛాయ్ కప్పుతోని పిండి పోస్తే గుడ్డు చిన్నగైతదా? కాదు గదా. పిండి తగ్గింది, గుడ్డు అట్లనే ఉన్నది, పిండివంట పాడైంది. "నాకు వంట రాదు" అని బాధపడొద్దు. మారింది గిన్నె.

స్పూన్ ముచ్చట కూడ అంతే. కొలత లెక్కల చిన్న స్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు, పెద్ద స్పూన్ అంటే 15. ఆస్ట్రేలియా వీడియో అయితే పెద్ద స్పూన్ 20. ఇంకోటి, స్పూన్ నిండ కుప్ప పోసి కొలిస్తే ఒక లెక్క, పైన కత్తితోని గీకి సమానం చేస్తే ఇంకో లెక్క. అమెరికాల 1896ల ఫానీ ఫార్మర్ అనే వంట టీచరమ్మ తన వంటల పుస్తకంల ఈ గీకి సమానం చేసే కొలతనే పట్టుబట్టి నేర్పింది. మన దిక్కు సంతల సోల కొలిచేటప్పుడు "కుప్ప పోసి కొలువు" అని కొనెటోడు, "గీకి కొలుస్త" అని అమ్మెటోడు పోట్లాడుకునేది కూడ ఇదే ముచ్చట. సోల ఒకటే, కానీ పైన కుప్పల ఎంత పోతదో ఎవరికీ లెక్క ఉండదు.

ఒకే గిన్నె, వేరు వేరు బరువులు

ఇప్పుడు అసలు ముచ్చటకు వద్దం. పావు లీటరు పట్టే గిన్నె తీసుకోండ్రి. నీళ్లు పోస్తే 250 గ్రాములు తూగుతది, ఎందుకంటే నీళ్లు మిల్లీలీటరుకు ఒక గ్రాము. అదే గిన్నెల బియ్యం పోస్తే సుమారు 200 గ్రాములు. కందిపప్పు కూడ ఆ చుట్టుపక్కలనే. చక్కెర 200 పైన. నూనె 230. మెత్తటి ఉప్పు 300 దాక పోతది. తేనె అయితే సుమారు 350. గోధుమ పిండి జల్లించి వదులుగ పోస్తే 125, అదే పిండి అదిమి అదిమి పోస్తే 150 దాటుతది.

చూసిన్రా? గిన్నె ఒకటే. పిండికి, తేనెకు మధ్యల రెండింతల పైన తేడా. ఒకే పిండిల కూడ చెయ్యి మారితే 25 గ్రాములు అటో ఇటో. ఇది చెయ్యి తప్పు కాదు, పిండి గుణం. గింజల మధ్య, పిండి రేణువుల మధ్య గాలి ఉంటది. గిన్నె ఆ గాలిని కూడ కొలుస్తది. తక్కెడ గాలిని లెక్కబెట్టదు.

బెల్లం ముచ్చట ఇంకా అన్యాయం. గడ్డలు వేస్తే గిన్నెల సగం ఖాళీనే. దంచి వేస్తే నిండుగ పడ్తది. "ఒక కప్పు బెల్లం" అనే మాటకు అర్థమే లేదు, "200 గ్రాముల బెల్లం" అంటేనే అర్థం. పిండి, బెల్లం, కొబ్బరి కోరు, ఎండిన ఆకులు, పువ్వులు, వీటికి తూకమే సరైనది. నీళ్లు, పాలు, మజ్జిగ వంటి వాటికి కొలత సాలు.

లీటరు అన్నరా, కిలో అన్నరా?

పైన తేనె లెక్క చదివిన్రు గదా. ఇప్పుడు అడివికి పోదం. చెట్టు ఎక్కి, పొగ బెట్టి, ఈగలు కుట్టంగ తెచ్చిన తేనెను మనోళ్లు దేంట్ల పోసి అమ్ముతరు? లీటరు నీళ్ల సీసల. కొనెటోడు ఏమంటడు? "కిలోకు ఇంత ఇస్త" అంటడు. సీస నిండుగ ఉన్నది గాబట్టి కిలో అని ఇద్దరూ అనుకుంటరు. కానీ లీటరు సీసల తేనె సుమారు కిలో 400 గ్రాములు తూగుతది. కిలోకు 300 రూపాయలు అనుకుందం. ఆ సీసకు న్యాయంగ 420 రావాలె. చేతుల పడేది 300. ఒక్క సీస మీద 120 రూపాయలు కొలతకు, తూకానికి మధ్యల పడిపోయినయి. దొంగతనం ఎవరూ చెయ్యలే, రాళ్లు మార్చలే, ముల్లు వంచలే. ఒక్క మాట మార్చిన్రు, అంతే.

నూనె పాకెట్ మీద ఇదే లెక్క తలకిందులు. నూనె నీళ్లకన్న తేలిక. లీటరు నూనె కిలో ఉండదు, 910 గ్రాముల చుట్టూ ఉంటది. పైగ ఎండకు నూనె వ్యాకోచిస్తది. సోయా నూనె లీటరు 21 డిగ్రీల వేడి కాడ 919 గ్రాములు ఉంటే, 60 డిగ్రీల కాడ 892 గ్రాముల చిల్లరకు దిగుతది. అందుకనే పాకెట్ మీద వేడి డిగ్రీలు రాసి లీటరు లెక్క చూపియ్యొద్దు, లీటర్లతో పాటు బరువు కూడ సరిగ్గ రాయాలె అని కేంద్ర వినియోగదారుల శాఖ 2022ల నూనె కంపెనీలకు చెప్పింది. దుకాణంల పాకెట్ పట్టుకున్నప్పుడు సైజు చూడొద్దు, గ్రాములు చదువుండ్రి. రెండు పాకెట్లు పక్కపక్కన పెడితే ఒక్క తీరే ఉంటయి, గ్రాముల కాడ తేడా బయటపడ్తది.

మన పెద్దలు ఇంకో ముచ్చట చెప్తరు. ఇక్కడ్నుంచి బస్తర్ దాక సంతలల్ల సారపప్పుకు ఉప్పు మార్చుకునేటోళ్లు. సోలెడు సారపప్పు పోస్తే సోలెడు ఉప్పు. కొలతల చూస్తే ధర్మం లెక్కనే ఉంటది, సోలకు సోల. ఆ సారపప్పు పట్నంల ఏ ధరకు అమ్ముడుపోతదో అడివిల ఉన్నోళ్లకు తెల్వదు. కొలత సమానంగ ఉంటే ధర్మం జరిగినట్టు కాదని ఆ ఉప్పు మనకు నేర్పింది. 1956ల గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, పెట్టింది ఇట్లాంటి దోపిడీ ఆపుతందుకే. 1996 పెసా చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయం మీద గ్రామసభకు హక్కు ఇచ్చింది, 2006 అటవీ హక్కుల చట్టం అడివిబిడ్డలకు ఆ ఫలసాయం ఏరుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. హక్కు కాయితం మీద ఉన్నది. సంతల మాత్రం అది తక్కెడ మీదనే తేలుతది.

ఇప్పపువ్వు కాడ ఇంకో జాగ్రత్త. పచ్చి పువ్వుల ఎక్కువ భాగం నీళ్లే. ఎండితే బరువు ఎన్నో వంతులు తగ్గుతది. సగం ఎండిన పువ్వు, పూర్తిగ ఎండిన పువ్వు డబ్బాల ఒక్క తీరే నిండినట్టు కనపడినా తూకం మారుతది, ధర మారుతది. పూర్తిగ ఎండబెట్టి, తూచి, ఆ తూకం కాయితం మీద రాసుకొని సంతకు పోవాలె. ఇంటి కాడ తూచుకున్నోడికి సంతల తక్కెడ అబద్ధం చెప్పలేదు.

బడి వంటల గ్రాములు

నేను గూడేలు తిరిగేటప్పుడు బడి వంట కాడ కూసునే అలవాటు ఉన్నది. వంట అక్కలు గ్లాసుతోనే కొలుస్తరు. వాళ్ల దగ్గర తక్కెడ ఉండదు, ఉన్నా పాడైపోయి ఉంటది. వాళ్లది తప్పు కాదు. కానీ సర్కారు లెక్క గ్రాములల్ల ఉన్నది, వంట లెక్క గ్లాసులల్ల ఉన్నది. మధ్యల ఈ రెండిటినీ కలిపే మనిషి లేడు. ఆ మనిషి ఊరి పిల్లగాడు, ఊరి పిల్ల ఎందుకు కావొద్దు?

పీఎం పోషణ్ లెక్క ఇట్లున్నది. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లకు రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20 గ్రాములు, కూరగాయలు 50 గ్రాములు, నూనె 5 గ్రాములు. ఆరు నుంచి ఎనిమిదో తరగతికి బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర. ఇవన్నీ వండకముందు తూకాలు. ఇది గట్టిగ గుర్తుపెట్టుకోండ్రి. 100 గ్రాముల బియ్యం ఉడికితే నీళ్లు పీల్చి రెండింతల పైన అన్నం అయితది. ప్లేట్ల అన్నం తూచి "100 గ్రాములు పెట్టినం గదా" అంటే అది లెక్క తప్పు.

ఒక బడిల ఆ పూట 32 మంది చిన్న పిల్లలు వచ్చిన్రనుకుందం. బియ్యం 3 కిలోల 200 గ్రాములు. పప్పు 640 గ్రాములు. కూరగాయలు కిలో 600. నూనె 160 గ్రాములు. ఇప్పుడు 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసుల బియ్యం గానీ, కందిపప్పు గానీ గీకి పోస్తే సుమారు 160 గ్రాములు పడ్తది. అంటే 20 గ్లాసుల బియ్యం, 4 గ్లాసుల పప్పు. అయిపాయె! గ్రాముల లెక్క గ్లాసుల లెక్క అయింది. వంట అక్కకు రోజూ తక్కెడ అక్కర్లేదు, ఒక్కసారి తూచి గ్లాసుకు ఎంతో రాసిపెడితే సాలు.

ఆ నాలుగు గ్లాసులల్ల ఒక్క గ్లాసు తగ్గితే ఏమైతది? పిల్లకు 20 గ్రాముల పప్పు కావల్సిన కాడ 15 అయితది. చారు పల్చగైతది, ఎవరూ అడగరు. ఇంటి కాడ పప్పు వండుకునే స్తోమత ఉన్న పిల్లకు అది పెద్ద ముచ్చట కాదు. గంజి తాగి బడికి వచ్చిన పిల్లకు ఆ ఐదు గ్రాములే మాంసం, ఆ ఐదు గ్రాములే బలం. తల్లిదండ్రుల మీటింగుల "పప్పు పల్చగున్నది" అంటే "అట్లేం లేదు" అని జవాబు వస్తది. "32 మందికి 640 గ్రాములు, అంటే నాలుగు గ్లాసులు, ఇయ్యాల ఎన్ని పోసిన్రు?" అని అడిగితే జవాబు వేరే వస్తది. వంట అక్కల మీద ఒర్లుడు వద్దు. సరుకు తక్కువ వచ్చిందా, బిల్లు ఆగిందా అనేది కూడ ఆ లెక్కలనే బయటపడ్తది, అప్పుడు అక్కల పక్కన కూడ మనమే నిలబడాలె.

అంగన్‌వాడీల బాలామృతం పాకెట్ రెండున్నర కిలోలు, పిల్లకు రోజుకు 100 గ్రాముల లెక్క. గర్భిణులకు ఆరోగ్య లక్ష్మిల ఇచ్చే పాలు 200 మిల్లీలీటర్లు. రేషన్ సన్నబియ్యం మనిషికి 6 కిలోలు, అంటే నెలకు రోజుకు 200 గ్రాములు. ఇవన్నీ ఇంట్ల తూచుకునే ముచ్చట్లే. వీటిని అడగాలంటే ధైర్యం కన్న ముందు లెక్క ఉండాలె.

పాణం కాపాడే వంట

వానాకాలంల వాగులు పొంగి దారి తెగిపోతది. అప్పుడే వాంతులు, విరోచనాలు వస్తయి. ఓఆర్‌ఎస్ పాకెట్ కూడ ఒక వంటకమే, దాని కొలత తప్పితే మందే చెడగొడ్తది. పెద్ద పాకెట్‌ల 20.5 గ్రాముల పొడి ఉంటది, దాన్ని మొత్తం ఒక లీటరు శుభ్రమైన నీళ్లల్ల కలపాలె. కొందరు పాకెట్ మొత్తం ఒక గ్లాసు నీళ్లల్ల కలుపుతరు. అది మరీ చిక్కగైతది, పిల్లల ఒంట్ల ఉప్పు ఎక్కువై పాణం మీదికి వస్తది. కొందరు ఒక పాకెట్ రెండు మూడు లీటర్లల్ల కలుపుతరు, పల్చగై పని చెయ్యదు. చిన్న పాకెట్లు కూడ ఉంటయి, పాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నే.

పాకెట్ దొరకనప్పుడు ఇంట్ల చేసుకునే లెక్క: ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, గీకిన చిన్న స్పూన్లు ఆరు చక్కెర, గీకిన చిన్న స్పూన్ల సగం ఉప్పు. ఇక్కడ స్పూన్ అంటే 5 మిల్లీలీటర్లది, కుప్ప పోసేది కాదు. ఉప్పు "తగినంత" అనే మాట ఇక్కడ పనికిరాదు. లీటరు కొలిచెతందుకు మూత తీసిన లీటరు నీళ్ల సీస సాలు. ఇది ఆస్పత్రికి పోయెదాక ఆగెతందుకే, పిల్ల నీరసంగ పడిపోతే, తాగిందంతా కక్కుతుంటే ఆలస్యం చెయ్యొద్దు, పోవాల్సిందే.

అమ్ముకునే వంటకు తూకమే దిక్కు

మన భద్రాచలం అక్కలు జొన్న, రాగి, కొర్రలతోని బిస్కెట్లు చేసి "భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్" పేరుతో అమ్ముతున్నరు. ఐటీడీఏ కాడ పని నేర్చుకున్నోళ్లు వీళ్లు. 2025 జూన్‌ల ప్రధాని రేడియో ప్రసంగంల కూడ వీళ్ల ముచ్చట వచ్చింది. పొలం కూలికి పోయిన చేతులు బిస్కెట్ చేసుడు వరకు రావాలంటే రుచి ఒక్కటే సాలదు. ఇయ్యాల చేసిన బిస్కెట్, వచ్చే నెల చేసిన బిస్కెట్ ఒక్క తీరుండాలె. పది మంది అక్కలు చేసినా ఒక్క తీరుండాలె. అది గ్లాసుతోని కాదు, తూకంతోనే అయితది.

దానికి ఒక సులువైన పద్ధతి ఉన్నది. పిండిని 100 పాళ్లు అనుకోవాలె, మిగిలినవన్నీ దాని మీద లెక్క కట్టాలె. ఉదాహరణకు పిండి 100, బెల్లం 50, వెన్న 50. కిలో పిండి అయితే అర్ధకిలో బెల్లం, అర్ధకిలో వెన్న. మూడు కిలోలు అయితే కిలోన్నర, కిలోన్నర. రెండు వందల గ్రాములు చేసి రుచి చూడాలంటే వంద, వంద. ఒక్క లెక్క రాసిపెడితే చిన్న వంట, పెద్ద వంట అదే నడిపిస్తది. బేకరోళ్లు ప్రపంచమంత ఇదే పద్ధతిల పోతరు. మన ఇప్పపువ్వు లడ్డుకు కూడ ఇట్లనే పాళ్లు రాసుకోవచ్చు. ఎండి, వేయించిన పువ్వు 100 అనుకొని బెల్లం, పల్లీ, నువ్వులు ఎంతెంత అనేది మీ నాలుక చెప్పినంక, ఆ రోజు వేసిన తూకమే కాయితం మీద పెట్టాలె.

ఖర్చు లెక్క కూడ అప్పుడే తెలుస్తది. లడ్డు 25 గ్రాములు అని తెలిస్తే కిలోకు 40 లడ్లు. చెయ్యి వాటంగ చేసి ఒక్కోటి 30 గ్రాములు అయితే 33 వస్తయి. ఏడు లడ్లు ఉత్తగ పోయినయి, ఎక్కడ పోయినయో ఎవరికీ తెల్వదు. పాకెట్ మీద "నికర బరువు" రాసి, లోపల తక్కువ పెడితే చట్టం ఊకోదు, కొన్నోడు మల్ల రాడు. ఎక్కువ పెడితే మన కూలి పోతది.

ఇంట్ల తక్కెడ, గోడ మీద లెక్క

ఇగ చేసుడు ఎట్లనో చెప్త. వంటింటి డిజిటల్ తక్కెడ చిన్నది ఒకటి కొనుండ్రి. ఒక్కరికి భారమైతే సంఘం అంత కలిసి కొనుండ్రి. ఖాళీ గిన్నె పెట్టి సున్న బటన్ నొక్కితే గిన్నె బరువు లెక్కల నుంచి పోతది. పిండి పోసి చూసి, మల్ల సున్న నొక్కి బెల్లం వెయ్యొచ్చు. ఒకే గిన్నెల అన్నీ తూగుతయి.

తక్కెడ నిజం చెప్తున్నదా లేదా చూసెతందుకు ఒక ఉపాయం. పది రూపాయల బిళ్ల ఒకటి 7.7 గ్రాములు తూగుతది. 13 బిళ్లలు పెడితే 100 గ్రాముల కాడికి రావాలె. మన దిక్కు పది బిళ్ల చెల్లదని దుకాణంల తీసుకోరు. అది ఒట్టి పుకారు, పది బిళ్ల చెల్లుతదని రిజర్వు బ్యాంకే చెప్పింది. ఎట్లనో జేబుల పడి ఉంటయి గాబట్టి తక్కెడకు పనికొస్తయి. పెద్ద తక్కెడ అయితే సీల్ తియ్యని కిలో ఉప్పు పాకెట్ పెట్టి చూడండ్రి, కవరు బరువుతోని కిలో మీద కొన్ని గ్రాములు చూపియ్యాలె.

సంతల, దుకాణంల తక్కెడ మీద సర్కారు ముద్ర ఉండాలె. 2009 తూనికలు కొలతల చట్టం 2011 ఏప్రిల్ నుంచి అమల్ల ఉన్నది. ఆ లెక్కల ఎలక్ట్రానిక్ తక్కెడకు ఏడాదికి ఒకసారి, ఇనుప రాళ్లకు, కొలత పాత్రలకు, ముల్లు తక్కెడకు రెండేండ్లకు ఒకసారి తనిఖీ చేయించి ముద్ర వేయించాలె. రాయి తీసుకొని ముద్ర చూపియ్యమని అడిగే హక్కు కొనెటోళ్లకు, అమ్మెటోళ్లకు ఇద్దరికీ ఉన్నది. రాళ్ల బదులు ఇటుక ముక్క, బండ ముక్క పెట్టి తూస్తే ఒప్పుకోవద్దు. తేడా కనపడితే 1915 నంబర్‌కు ఫోన్ చెయ్యొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఒక్కడు అడిగితే పోట్లాట అయితది, పదిమంది సంఘంగ అడిగితే లెక్క అయితది.

చివరగ ఒక పని చెప్త, ఈ ఆదివారమే చెయ్యుండ్రి. మీ ఇంట్ల రోజూ వాడే గ్లాసు ఒకటి, సోల ఒకటి తీసుకోండ్రి. బియ్యం, కందిపప్పు, జొన్నపిండి, రాగిపిండి, దంచిన బెల్లం, ఉప్పు, ఎండిన ఇప్పపువ్వు, చింతపండు, తేనె, ఒక్కోటి గీకి పోసి తూచుండ్రి. మూడుసార్లు తూచి మధ్య లెక్క తీసుకోండ్రి. గోడ మీద బొగ్గుతోనో చాక్‌పీసుతోనో రాయుండ్రి: మా సోల, బియ్యం ఇన్ని గ్రాములు, పప్పు ఇన్ని గ్రాములు. అవ్వను పక్కన కూసోబెట్టుకొని రాయుండ్రి. సోల సంగతి ఆమెకు తెలుసు, గ్రాము సంగతి మీకు తెలుసు. అదే లెక్కను ఫోటో తీసి బడి వంట అక్కకు ఒకటి ఇయ్యుండ్రి, సంతకు పోయే అమ్మ ఫోన్ల ఒకటి వెయ్యుండ్రి.